ఆగే వీలు లేని చోట మెమరీ అడగడం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లోపల హద్దులు గీసి నడిపే శాండ్‌బాక్స్ ప్రోగ్రాముల గురించి, అంటే లినక్స్‌లోని ఈబీపీఎఫ్ గురించి, గత సంచికలో రాశాక వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు మెమరీ దగ్గరే చిక్కుకున్నాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపి అయిదింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. రెండో జవాబు పొడవుగా ఉంటుంది. అందులోని ఇబ్బంది ఒకప్పుడు నా నెత్తిన కూడా పడింది కాబట్టి కుదించడానికి మనసొప్పలేదు.

ప్రశ్న: నేను అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థలో లినక్స్ ఇంటర్నల్స్ నేర్చుకుంటున్నాను. సీ భాషలో మెమరీ కావాలంటే మాలాక్ పిలుస్తాం. ఈబీపీఎఫ్ ప్రోగ్రాములు కూడా సీలోనే రాస్తున్నప్పుడు, అందులో మాలాక్ ఎందుకు ఉండదు? స్టాక్‌ను 512 బైట్లకే ఎందుకు పరిమితం చేశారు? – ఒక విద్యార్థి, అమీర్‌పేట

జవాబు: ఈ ప్రోగ్రాములు ఎక్కడ పుట్టాయో చూస్తే సగం సందేహం తీరుతుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసిన స్టీవెన్ మెకానె, వాన్ జేకబ్‌సన్ అనే ఇద్దరు 1993 యూజ్‌నిక్స్ శీతాకాల సమావేశంలో బీఎస్‌డీ ప్యాకెట్ ఫిల్టర్‌ను (పొట్టిగా బీపీఎఫ్; ఈబీపీఎఫ్ దాని తరువాతి రూపం) వివరించారు. నెట్‌వర్క్ కార్డు మీదికి వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ యూజర్ ప్రోగ్రాం దాకా మోసుకెళ్ళి అక్కడ పారేయడం కన్నా, కావాలో వద్దో కెర్నెల్‌లోనే తేల్చేయడం మేలని వారి ఆలోచన. ఆ తేల్చే చిన్న ప్రోగ్రాముకు వారు ఇచ్చిన సొంత మెమరీ 16 అరలు, అరకు 32 బిట్లు, అంతా కలిపి 64 బైట్లు. ఒక ప్యాకెట్టు చూసి అవునో కాదో చెప్పేవాడికి అంతకు మించి గుర్తుంచుకోవలసింది ఏమీ లేదు.

2014 డిసెంబరులో వచ్చిన లినక్స్ 3.18లో బీపీఎఫ్ సిస్టమ్ కాల్, దానితో పాటు మ్యాప్‌లు, అంటే కీ ఇస్తే విలువ దొరికే పట్టికలు, వచ్చాయి. ఒక పరుగులో చూసింది తరువాతి పరుగుకు గుర్తుండాలంటే ఆ సమాచారాన్ని మ్యాప్‌లో దాచాలి. ఆ పరుగుకు మాత్రమే కావలసింది 512 బైట్ల స్టాక్‌లో పెట్టుకోవాలి. ఎక్స్86 64 బిట్ల యంత్రంలో కెర్నెల్ తరఫున ఒక్కో టాస్కుకు ఉండే స్టాక్ మొత్తం 16 కేబీ. మన ప్రోగ్రాం నడిచేటప్పటికే ఆ స్టాక్ మీద ఎన్ని ఫంక్షన్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయో మనకు తెలియదు కనుక, చివర వచ్చిన అతిథి చాప ఎంత పరుచుకోవచ్చో ముందే చెప్పి ఉంచారు. దీనికి తోడు, ప్రోగ్రాం లోడయ్యే ముందు దాని భద్రతను పరిశీలించే వెరిఫయర్ ప్రతి దారీ నడిచి చూస్తూ స్టాక్‌లోని ప్రతి గడిలో ఏమి రాశారో, రాయకముందే ఏదైనా చదివారో లెక్కపెడుతుంది. ఆ లెక్క అదుపులో ఉండాలన్నా స్టాక్ చిన్నదిగానే ఉండాలి.

ఇక మాలాక్ సంగతి. మామూలు ప్రోగ్రాములో మాలాక్ దగ్గర నిల్వ అయిపోతే అది కెర్నెల్‌ను అడుగుతుంది. కెర్నెల్ దగ్గర కూడా ఖాళీ లేకపోతే, ఎవరివో పాత పేజీలు (4 కేబీ మెమరీ ముక్కలు) డిస్కుకు రాసి ఖాళీ చేసే దాకా మీ ప్రోగ్రామును నిద్రపుచ్చి, పని అయ్యాక లేపుతుంది. మీకు ఆ సంగతే తెలియదు. ఈబీపీఎఫ్ ప్రోగ్రాం నడిచే చోట మాత్రం తరచుగా ఆ నిద్రే కుదరదు. అది ఇంటరప్ట్ (హార్డ్‌వేర్ నుంచి వచ్చే అత్యవసర పిలుపు) మధ్యలో ఉండవచ్చు, ఎవరో పట్టుకున్న లాక్ (ఒకసారికి ఒకరినే రానిచ్చే తాళం) కింద ఉండవచ్చు. నిద్రపోకుండా మెమరీ ఇచ్చే పద్ధతులు కెర్నెల్‌లో లేకపోలేదు కానీ, అవి కూడా లోపల లాక్‌లు పట్టుకుంటాయి. ప్రమాదం వచ్చేది అక్కడే.

ఒక సందర్భాన్ని దగ్గర నుంచి చూడండి. కెర్నెల్‌లో ఎవరో మెమరీని తిరిగి ఇచ్చేస్తున్నారు. అందుకోసం మెమరీని పంచిపెట్టే అలొకేటర్ తన జాబితాకు వేసిన లాక్‌ను పట్టుకుంది. పని అయ్యాక లాక్ వదిలే ఫంక్షన్‌ను పిలిచింది. సరిగ్గా ఆ ఫంక్షన్ మొదట్లోనే మీరు ఒక కేప్రోబ్ (కెర్నెల్ ఫంక్షన్‌కు తగిలించే కొక్కెం) పెట్టి, మీ ఈబీపీఎఫ్ ప్రోగ్రామును దానికి తగిలించారు. లాక్ ఇంకా చేతిలోనే ఉంది, మీ ప్రోగ్రాం మొదలైంది. అది మ్యాప్‌లో కొత్త ఎంట్రీ చేర్చబోయింది, అందుకు మెమరీ అడిగింది, అలొకేటర్ అదే లాక్ కోసం ఎదురుచూడసాగింది. ఆ లాక్‌ను వదలవలసిన కోడ్ మీ ప్రోగ్రాం ముగిసే దాకా ముందుకు కదలదు, మీ ప్రోగ్రాం ఆ లాక్ దొరికే దాకా ముగియదు. ఆ సీపీయూ ఇక అక్కడే నిలిచిపోతుంది. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు; 2016లో వచ్చిన 4.6 కెర్నెల్‌లో హాష్ మ్యాప్ ఎంట్రీలన్నిటికీ ముందే మెమరీ కేటాయించే పద్ధతిని మామూలు పద్ధతిగా మార్చినప్పుడు దానికి చెప్పిన కారణం ఇదే. మ్యాప్ సృష్టించే సిస్టమ్ కాల్‌లో ఆగే వీలుంది కాబట్టి, కావలసినదంతా అక్కడే అడిగి తెచ్చిపెట్టుకోవాలని తీర్మానించుకున్నారు.

ఇటీవలి కెర్నెళ్ళలో మాలాక్‌కు దగ్గరి చుట్టం లాంటిది ఒకటి ఉంది, దాని పేరు బీపీఎఫ్ ఆబ్జెక్ట్ న్యూ. అయితే దానికి ఎన్ని బైట్లు కావాలో చెబితే చాలదు, ఏ రకం వస్తువు కావాలో చెప్పాలి. వచ్చిన పాయింటర్ శూన్యమా కాదా చూడాలి. దాన్ని తిరిగి వదిలేయడమో ఒక జాబితాలో చేర్చడమో చేయకుండా ప్రోగ్రాం ముగిస్తే వెరిఫయర్ లోడ్ కానివ్వదు. మెమరీ లీక్‌ను పరుగు మొదలు కాకముందే పట్టుకునే ఏర్పాటు అది. మీ శిక్షణలో ఎప్పుడో ఒకప్పుడు దీనితో ఒక లింక్డ్ లిస్ట్ కట్టి చూడండి, వెరిఫయర్ ఎన్నిసార్లు తిరగ్గొడుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: మా సంస్థ సర్వర్లలో 64 సీపీయూలు ఉన్నాయి. 10,000 ఎంట్రీలు, ఒక్కో విలువ 256 బైట్లు ఉండేలా ఒక పర్-సీపీయూ హాష్ మ్యాప్ పెట్టాను. నా లెక్క ప్రకారం రెండున్నర ఎంబీ మించకూడదు. ఒక్క ఎంట్రీ కూడా చేరకముందే 150 ఎంబీకి పైగా మెమరీ పోయింది. నో ప్రీఅలాక్ ఫ్లాగ్ పెడితే తగ్గుతుందని ఒక సహోద్యోగి అంటున్నారు; అది ప్రమాదకరమని పాత వ్యాసాల్లో చదివాను. ఏది నమ్మాలి? – ఒక ఇంజినీరు, మాదాపూర్

జవాబు: మీ కూడిక సరైనదే, గుణకారం ఒకటి మిగిలిపోయింది. 256 బైట్లను 10,000తో హెచ్చిస్తే 25,60,000 బైట్లు. పర్-సీపీయూ మ్యాప్‌లో ప్రతి ఎంట్రీకీ సీపీయూకు ఒక ప్రతి చొప్పున ఉంటుంది కాబట్టి దాన్ని మళ్ళీ 64తో హెచ్చించాలి: 16,38,40,000 బైట్లు, అంటే 156 ఎంబీ. మ్యాప్ ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా అంతే, ఎందుకంటే ముందస్తు కేటాయింపు పద్ధతిలో గరిష్ఠ ఎంట్రీల సంఖ్యకు సరిపడా మెమరీ మ్యాప్ పుట్టిన క్షణంలోనే తీసేసుకుంటారు.

ఇంతకన్నా మెత్తగా దెబ్బతీసేది మరొకటి ఉంది. ఈ హెచ్చింపు యంత్రంలో పనిచేస్తున్న సీపీయూల సంఖ్యతో జరగదు, ఎప్పుడైనా రాగల సీపీయూల సంఖ్యతో జరుగుతుంది. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట ఒక వర్చువల్ మెషీన్‌కు 8 సీపీయూలు ఇచ్చారు. నేను 4,096 ఎంట్రీలు, ఒక్కొక్కటి 512 బైట్ల విలువతో మ్యాప్ పెట్టి, 16 ఎంబీ అవుతుందని కాగితం మీద రాసి పై అధికారికి ఇచ్చాను. యంత్రం 256 ఎంబీ మింగింది. రెండు రోజులు నా కోడ్‌లోనే లీక్ వెతికాను. మూడో రోజు సిస్ డైరెక్టరీలో డివైసెస్, సిస్టమ్, సీపీయూల వరుసలో దిగి పాసిబుల్ అనే చిన్న ఫైలు తెరిస్తే అందులో 0-127 అని ఉంది. ముందుముందు సీపీయూలు పెంచుకునే సదుపాయం కోసం ఆ మెషీన్‌ను 128కి సిద్ధం చేసి ఉంచారు, కెర్నెల్ ఆ 128కీ వడ్డించింది. మ్యాప్ పరిమాణం లెక్కవేసే ముందు ఆ ఫైలు చూడడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది. మీ 64 కూడా ఆ ఫైలు ప్రకారమే 64 అవునో కాదో ఒకసారి చూడండి.

ఇప్పుడు నో ప్రీఅలాక్, అంటే ముందస్తు కేటాయింపు వద్దని చెప్పే ఫ్లాగ్. మీరు చదివిన పాత వ్యాసాలు రాసిన రోజుకు నిజమే చెప్పాయి. పైన అమీర్‌పేట విద్యార్థికి చెప్పిన లాక్ చిక్కు వల్ల, పెర్ఫ్ ఈవెంట్‌లకు (యంత్రం పనితీరు కొలిచే సంకేతాలకు) తగిలించే ప్రోగ్రాములు ముందస్తు కేటాయింపు లేని హాష్ మ్యాప్ వాడితే వెరిఫయర్ తిరస్కరించేది, ఇతర ట్రేసింగ్ ప్రోగ్రాములు వాడితే ప్రమాదమని హెచ్చరిక ముద్రించేది. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 కెర్నెల్‌లో ఈబీపీఎఫ్ కోసం ప్రత్యేకంగా ఒక అలొకేటర్ రాశారు. ఇప్పుడు ఆ ఫ్లాగ్ పెట్టిన మ్యాప్‌లు దాని నుంచే మెమరీ తీసుకుంటాయి.

దాని పనితీరు హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. మన ఇళ్ళకు మంజీరా నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు సంపులో పడతాయి, సంపు నుంచి మోటారు మేడ మీది ట్యాంకుకు ఎక్కిస్తుంది, మనం కుళాయి తిప్పితే వచ్చేది ఆ ట్యాంకు నీళ్ళే. తలకు సబ్బు పెట్టుకుని ట్యాంకర్‌కు ఫోన్ చేసే పరిస్థితి రాకూడదనే కదా ట్యాంకు కట్టుకున్నది. కొత్త అలొకేటర్‌లో కూడా ప్రతి సీపీయూకు ఒక సొంత ట్యాంకు ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే 16 బైట్ల నుంచి 4,096 బైట్ల దాకా 11 పరిమాణాలకు 11 ట్యాంకులు. వాటిలో వాడుకకు సిద్ధంగా ఉన్న మెమరీ ముక్కల జాబితా ఉంటుంది. ఈబీపీఎఫ్ ప్రోగ్రాం అడిగినప్పుడు జాబితా తల నుంచి ఒక ముక్క తీసి ఇవ్వడమే తప్ప, కెర్నెల్ ప్రధాన అలొకేటర్ జోలికి వెళ్ళదు, కాబట్టి దాని లాక్ ప్రసక్తే లేదు.

ట్యాంకులో ఫ్లోట్ వాల్వు లాగా ఇక్కడా రెండు గుర్తులున్నాయి. 256 బైట్లు, అంతకు తక్కువ పరిమాణాలకు కింది గుర్తు 32, పై గుర్తు 96. నిల్వ 32 కన్నా తగ్గగానే ఐఆర్‌క్యూ వర్క్ అనే ఏర్పాటు ద్వారా మోటారు వేయమని కబురు వెళుతుంది. మీ ప్రోగ్రాం పక్కకు తప్పుకుని, ఇంటరప్ట్‌లు తీసుకునే స్థితి వచ్చాక ఆ కబురు అందుతుంది, అప్పుడు ఒక విడతకు 48 ముక్కలు తెచ్చి నింపుతారు. విడిచిపెట్టిన ముక్కలు ఎక్కువై నిల్వ 96 దాటితే అదనపువి వెనక్కి వెళతాయి. 4,096 బైట్ల ముక్కలకు ఈ అంకెలు 2, 6, విడతకు 3 మాత్రమే, లేకపోతే వాడని మెమరీ ట్యాంకుల్లోనే నిలిచిపోతుంది.

ముక్క తీసే ఆ కొన్ని యంత్ర సూచనల మధ్యలో ఎవరైనా అడ్డం పడితే? అందుకే తీసేటప్పుడు ఆ సీపీయూలో ఇంటరప్ట్‌లు ఆపుతారు. అయినా ఆపరాని ఇంటరప్ట్ అనేది ఒకటి ఉంది. పెర్ఫ్ ఈవెంట్‌లు తరచుగా దాని మీదే వస్తాయి. దాని కోసం జాబితాకు ఒక చిన్న కౌంటరు కట్టారు. లోపలికి వచ్చిన వారు దాన్ని ఒకటి పెంచుతారు. పెంచాక విలువ 1 కాకపోతే లోపల ఇప్పటికే ఎవరో ఉన్నారని అర్థం. అప్పుడు ఎదురుచూడరు, శూన్య పాయింటర్ ఇచ్చి పంపేస్తారు. నాకు ఈ అలొకేటర్‌లో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే: ఎదురుచూస్తే యంత్రం ఆగిపోయే చోట లేదని చెప్పే వీలు ఉంచుకున్నారు.

అందువల్ల మీ సహోద్యోగి మాట కొత్త కెర్నెల్ మీద సరైనదే, కాకపోతే దానికి ఒక వెల ఉంది. ముందస్తు కేటాయింపులో మెమరీ చాలకపోతే ప్రోగ్రాం లోడయ్యేటప్పుడే, మనిషి తెర ముందు కూర్చుని ఉన్నప్పుడే తెలిసిపోతుంది. ఆ తరువాత గరిష్ఠ సంఖ్య దాటే దాకా మెమరీ లేదన్న మాట వినపడదు. నో ప్రీఅలాక్‌లో మాత్రం అర్ధరాత్రి రద్దీలో ఎంట్రీ చేర్చబోతే మెమరీ లేదని రావచ్చు. కొత్త మ్యాప్‌కు మొదట చిన్న పరిమాణాల ట్యాంకుల్లో పోసి ఉంచేది 4 ముక్కలే; ఇంటరప్ట్‌లు ఆపిన చోట ఒకే పరుగులో వంద ఎంట్రీలు చేర్చే ప్రోగ్రాం రాస్తే మోటారు వేయడానికే సందు ఉండదు. పైగా మోటారు వేసే చోట కూడా నిద్రపోవడం కుదరదు కనుక, యంత్రం మొత్తానికే మెమరీ కటకటగా ఉంటే ట్యాంకు నిండకపోవచ్చు. మీ పర్-సీపీయూ మ్యాప్‌కు ఇది మరింత వర్తిస్తుంది: మీ ఒక్కో ఎంట్రీ 64 సీపీయూలకు కలిపి 16 కేబీ కాబట్టి, ఇటీవలి కెర్నెళ్ళలో పర్-సీపీయూ ట్యాంకుల గుర్తులు 1, 3 మాత్రమే. ఎంట్రీ చేర్చే పిలుపు ఇచ్చే జవాబును చూడకుండా వదిలేసే అలవాటు ఉంటే ముందు అది మానండి. చేరని ఎంట్రీల లెక్కను వేరే కౌంటరులో పెట్టుకోండి.

నా సలహా అడిగితే, మీ 10,000లో మామూలు రోజున ఎన్ని నిండుతాయో ముందు కొలవండి. ఏడెనిమిది వేలు నిండేటట్లయితే 156 ఎంబీ ఇచ్చుకుని నిశ్చింతగా ఉండడమే మంచిది. నాలుగైదు వందలు దాటకపోతే నో ప్రీఅలాక్ వాడండి. ఎల్ఆర్‌యూ రకం మ్యాప్‌కు (నిండితే చాలాకాలంగా వాడని ఎంట్రీని తీసేసేది) మారదామనుకుంటే, అందులో ఈ ఫ్లాగ్‌కు చోటు లేదు, అది ఎప్పుడూ ముందస్తు కేటాయింపే.

ఇంకొక్క మాట. మీరు తొలగించిన ఎంట్రీ ముక్క అదే ట్యాంకుకు తిరిగి వచ్చి వెంటనే మరొక కీకి దక్కవచ్చు. వేరే సీపీయూలో ఇంకా పాత పాయింటర్ పట్టుకుని చదువుతున్న ప్రోగ్రాముకు అప్పుడు కొత్త కీ తాలూకు విలువ కనపడుతుంది. ఆర్‌సీయూ గడువు (పాత పాయింటర్ పట్టుకున్నవారంతా చదవడం ముగించే దాకా కెర్నెల్ ఆగే సమయం) ముగిసే దాకా ఆ మెమరీ ఈ మ్యాప్ చేయి దాటి బయటకు పోదు కాబట్టి యంత్రం కూలదు, కానీ మీ గణాంకాలు తప్పవచ్చు. విలువలోనే కీ ప్రతి ఒకటి పెట్టుకుని, చదివాక సరిపోల్చుకోవడం చవకైన ఉపాయం.

ప్రశ్న: ఒక పాత పాఠంలో ఉన్నట్టే మ్యాప్ సృష్టిస్తే, రూట్‌గా ఉన్నా సరే, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అని వస్తోంది. అనుమతుల లోపం ఏదీ కనపడలేదు. ఇంట్లోని కొత్త ల్యాప్‌టాప్‌లో అదే కోడ్ నడుస్తోంది. – ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: పాత యంత్రంలో కెర్నెల్ 5.11 కన్నా ముందుదై ఉంటుంది. అప్పట్లో ఈబీపీఎఫ్ మ్యాప్‌ల మెమరీని, డిస్కుకు పంపకుండా పట్టి ఉంచే మెమరీకి యూజర్‌కు విధించిన పరిమితి కింద లెక్కవేసేవారు. మామూలుగా ఆ పరిమితి 64 కేబీ, రూట్‌కు కూడా మినహాయింపు లేదు. అది దాటితే మెమరీ చాలదని చెప్పకుండా అనుమతి లేదని చెప్పేది. ఆ ఒక్క తప్పుడు మాట ఎందరి ఆదివారాలు తినేసిందో! లోడ్ చేసే ప్రోగ్రాం మొదట్లో ఆ పరిమితిని అపరిమితం చేస్తే సరిపోతుంది.

2021 ఫిబ్రవరిలో వచ్చిన 5.11 నుంచి ఆ లెక్క సీగ్రూప్ (ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి వాటి వాడకాన్ని లెక్కించే ఏర్పాటు) మెమరీ ఖాతాకు మారింది. మ్యాప్‌ను ఎవరు సృష్టించారో వారి సీగ్రూప్ ఖాతాలోనే ఖర్చు పడుతుంది. తరువాత ఎంట్రీ చేర్చిన క్షణంలో సీపీయూ మీద మరెవరి ప్రాసెస్ ఉన్నా వారికి పడదు. కంటైనర్ లోపల నుంచి పెద్ద మ్యాప్‌లు పెట్టేవారు తమ కంటైనర్ పరిమితిలో వాటికి చోటు వదులుకోవాలి.

ప్రశ్న: ప్రోగ్రాం డేటా సంగతి సరే, దాని కోడ్ ఎక్కడ ఉంటుంది? 300 బైట్ల కోడ్‌కు కూడా ఒక పేజీ పూర్తిగా పోతుందా? – ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ఒకప్పుడు పోయేది. జిట్ కంపైలర్ తయారుచేసిన యంత్రభాష చిన్నదైనా పెద్దదైనా, ప్రతి ప్రోగ్రాముకూ కనీసం ఒక 4 కేబీ పేజీ విడిగా ఇచ్చేవారు, ఎందుకంటే చదవవచ్చు, నడపవచ్చు, రాయరాదు అనే అనుమతులను పేజీ స్థాయిలోనే పెట్టగలం. మిగిలిన దాదాపు 3,800 బైట్ల వృథా కన్నా పెద్ద నష్టం వేరే చోట ఉంది. కెర్నెల్ తన మెమరీని 2 ఎంబీ, 1 జీబీ పెద్ద పేజీలుగా చూసుకుంటుంది; మధ్యలో ఒక చిన్న పేజీకి అనుమతి మార్చగానే ఆ పెద్ద పేజీని ముక్కలు చేయవలసి వస్తుంది, చిరునామాల అనువాదం దాచుకునే టీఎల్‌బీ మీద భారం పెరుగుతుంది. 2022 మే నెలలో వచ్చిన 5.18లో బీపీఎఫ్ ప్రోగ్ ప్యాక్ అనే పద్ధతి తెచ్చి, ఒకే పెద్ద ప్రాంతంలో 64 బైట్ల గడుల లెక్కన అనేక ప్రోగ్రాములను పక్కపక్కన సర్దడం మొదలుపెట్టారు. మీ 300 బైట్లకు ఇప్పుడు అయిదారు గడులు సరిపోతాయి.

ప్రశ్న: పరిశోధన కోసం ఒక పెద్ద గ్రాఫ్‌ను (నోడ్‌లు, వాటిని కలిపే అంచులు) కెర్నెల్ లోపలి ప్రోగ్రాం నుంచి నడుస్తూ పోవాలి. ఒక్కో అంచుకు ఒక్కో హాష్ మ్యాప్ వెతుకులాట చేస్తే చాలా నెమ్మదిగా ఉంది. పాయింటర్లను సీలో లాగా నేరుగా వాడే మార్గం ఉందా? ఆ గ్రాఫ్‌నే యూజర్ ప్రోగ్రాం కూడా చూడాలి. – ఒక పరిశోధక విద్యార్థి, తార్నాక

జవాబు: ఉంది, దాని పేరు అరీనా. 2024 మే నెలలో వచ్చిన 6.9 కెర్నెల్‌లో చేరింది. ఇది మ్యాప్‌లలో ఒక రకమే, అయితే దీనికి కీలు, విలువలు ఉండవు. గరిష్ఠంగా 4 జీబీ చిరునామా ప్రదేశాన్ని ముందు రిజర్వు చేస్తారు, పేజీలను మాత్రం అవసరమైనప్పుడే ఇస్తారు. అదే ప్రదేశాన్ని మీ యూజర్ ప్రోగ్రాం ఎమ్‌మ్యాప్ ద్వారా తన వైపు కూడా పరుచుకుంటుంది.

4 జీబీయే ఎందుకన్నది ఆసక్తికరం. 4 జీబీ లోపలి ఏ చోటునైనా 32 బిట్లతో చెప్పవచ్చు. కెర్నెల్ వైపు చిరునామా, యూజర్ వైపు చిరునామా వేర్వేరైనా, యూజర్ వైపు చిరునామాలోని కింది 32 బిట్లే కెర్నెల్ వైపు ఆధారం నుంచి దూరంగా పనికొచ్చేలా అమర్చారు. మెమరీలో పాయింటర్లను యూజర్ వైపు చిరునామాలుగానే రాసి ఉంచుతారు, కాబట్టి మీ యూజర్ ప్రోగ్రాం వాటిని యథాతథంగా వాడుకుంటుంది. ఈబీపీఎఫ్ వైపు జిట్ కంపైలర్ కింది 32 బిట్లే తీసుకుని, వాటికి కెర్నెల్ వైపు ఆధార చిరునామాను కలుపుతుంది; ఎక్స్86 మీద ఆ ఆధారాన్ని ఆర్12 రిజిస్టరులో ఉంచుతారు. ఏ చెత్త సంఖ్యను పాయింటర్ అనుకుని వాడినా, 32 బిట్లకు కత్తిరించాక అది అరీనా హద్దుల్లోనే పడుతుంది. యంత్ర సూచనలో అదనంగా రాసే దూరం ధన, రుణ గుర్తు ఉండే 16 బిట్ల సంఖ్య, అంటే అటూ ఇటూ 32 కేబీ. అది కలిసినా హద్దు దాటకుండా రెండు చివర్లా 32 కేబీ చొప్పున కాపలా ప్రదేశం ఖాళీగా వదిలారు. కాబట్టి వెరిఫయర్ ఇక్కడ ప్రతి పాయింటర్ వెనకా పడదు, మీరు గ్రాఫ్‌లో స్వేచ్ఛగా తిరగవచ్చు. వెబ్ అసెంబ్లీ ఇంజిన్లలో 4 జీబీ ప్రదేశాన్ని, దాని పక్కన కాపలా పేజీలను చూసినవారికి ఈ ఉపాయం పాత మిత్రుడిలా కనపడుతుంది.

పేజీ ఇంకా కేటాయించని చోటును ఈబీపీఎఫ్ ప్రోగ్రాం చదివితే సున్నా వస్తుంది, రాస్తే ఆ రాత గాలిలో కలిసిపోతుంది. కెర్నెల్‌కు ఏమీ కాదు. మీ గ్రాఫ్‌కు మాత్రం ఏమైనా కావచ్చు.

కేటాయింపు విషయంలో మళ్ళీ పాత సమస్యే ఎదురవుతుంది. అరీనా పేజీలు అడిగే ఫంక్షన్‌ను 6.9లో నిద్రపోగల రకం ప్రోగ్రాముల నుంచి మాత్రమే పిలవనిచ్చారు. మీ గ్రాఫ్ నడక నెట్‌వర్క్ మార్గంలో ఉంటే ఆ కెర్నెల్‌లో అక్కడ కొత్త పేజీ అడగలేరు. అందుకని నిద్రపోగల ఒక ప్రోగ్రాముతో ముందే కొన్ని పేజీలు తెప్పించి, వాటిని మీ నోడ్ పరిమాణానికి ముక్కలు చేసి, ఖాళీ నోడ్‌ల జాబితాను అరీనాలోనే కట్టుకోండి. నడిచే ప్రోగ్రాం ఆ జాబితా నుంచి తీసుకుంటుంది. మాదాపూర్ ఇంజినీరుకు చెప్పిన మేడ మీది ట్యాంకును ఈసారి మీరే కట్టుకోవాలి, గుర్తులు ఎక్కడ పెట్టాలో కూడా మీరే తేల్చుకోవాలి.

యూజర్ వైపు నుంచి కేటాయించని పేజీని ముట్టుకుంటే కెర్నెల్ మామూలుగా అప్పటికప్పుడు కొత్త పేజీ ఇచ్చేస్తుంది. సదుపాయమే కానీ, తప్పుడు పాయింటర్ ఒకటి ఉంటే దాన్ని ఇది నిశ్శబ్దంగా కప్పేస్తుంది. పరీక్షించేటప్పుడు అరీనాను సెగ్‌వీ ఆన్ ఫాల్ట్ అనే ఫ్లాగ్‌తో సృష్టించండి. అప్పుడు మీ యూజర్ ప్రోగ్రాం తప్పు చిరునామా ముట్టుకున్న చోటనే సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో ఆగుతుంది, ఏ నోడ్ దగ్గర దారి తప్పిందో డీబగ్గరులో నేరుగా కనపడుతుంది.